ఒక క్యాప్‌కు ఎన్ని రోజుల కష్టం?

అన్న మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలోని బల్లార్షాలో, తమ్ముడు అమెరికాలోని డాలస్‌లో ఉన్నారని అనుకుందాం. ఇద్దరికీ కింది దవడలో వెనక పన్ను పుచ్చి సగం విరిగింది. ఇద్దరికీ డాక్టరు చెప్పే వైద్యం ఒకటే: రూట్ కెనాల్ చేసి, పైన క్యాప్ వేయాలి. డాలస్‌లో రూట్ కెనాల్, విరిగిన భాగాన్ని నింపి కట్టే పని, క్యాప్ అన్నీ కలిపి సుమారు 3,000 డాలర్లు అవుతుంది. డాలరుకు 85 రూపాయలు వేసుకుంటే రెండున్నర లక్షల పైమాటే. చంద్రపూర్ లాంటి మన పట్టణాల్లో ప్రైవేటు క్లినిక్‌లో రూట్ కెనాల్‌కు 5,000, జిర్కోనియా క్యాప్‌కు 12,000 చొప్పున 17,000 రూపాయలు పట్టుకోవచ్చు. అంటే 200 డాలర్లు. అమెరికా ఖర్చులో పదిహేనో వంతు.

"పళ్ల పని ఇండియాలోనే చేయించుకోవాలి" అని విదేశాల్లోని మనవాళ్లు చెప్పుకునే మాట ఈ లెక్క మీదే నిలబడింది. ఆ లెక్కలో తప్పు లేదు, కాకపోతే అది తమ్ముడి లెక్క. అన్న గని దగ్గర కాంట్రాక్టు పనిలో రోజుకు 500 రూపాయలు సంపాదిస్తున్నాడనుకోండి. 17,000 రూపాయలంటే అతనికి 34 రోజుల కూలి. అమెరికాలో పూర్తికాలం పనిచేసే ఉద్యోగుల మధ్యస్థ సంపాదన వారానికి 1,200 డాలర్లకు అటూ ఇటూగా ఉంది. తమ్ముడి సంపాదన అంతే అనుకున్నా, 3,000 డాలర్లు అతనికి పన్నెండు, పదమూడు పనిదినాలు. దంత బీమా సగం భరిస్తే ఆరు రోజులు.

రూపాయల్లో చూస్తే క్యాప్ మన దగ్గర చవక. పనిదినాల్లో చూస్తే అదే క్యాప్ మన దగ్గర ఎక్కువ ఖరీదు. ఈ రెండు నిజాలనూ పక్కపక్కన పెట్టుకుంటేనే పోలిక పూర్తవుతుంది. అందుకు ముందుగా క్యాప్ అంటే ఏమిటో, అందులో దేనికి డబ్బు కడుతున్నామో తెలియాలి.

పన్ను మళ్లీ ఎందుకు పెరగదు

మన శరీరంలో అన్నిటికంటే గట్టి పదార్థం పంటి మీది ఎనామిల్. బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. కాల్షియం, ఫాస్ఫేట్‌లతో ఏర్పడిన హైడ్రాక్సీఎపటైట్ స్ఫటికాలు కట్టలు కట్టలుగా అల్లుకుని ఈ పొర తయారవుతుంది. దీన్ని కట్టే కణాలను ఎమెలోబ్లాస్టులు అంటారు. పన్ను చిగురు దాటి బయటికి వచ్చేసరికి ఆ కణాలు పనిచేసి నశించిపోతాయి. విరిగిన ఎముక అతుక్కుంటుంది, తెగిన చర్మం మానుతుంది. పోయిన ఎనామిల్ మాత్రం తిరిగి రాదు, కట్టే కణమే లేదు కనుక.

ఎనామిల్ కింద డెంటిన్, దాని లోపల నరాలు, రక్తనాళాలు ఉండే పల్ప్ ఉంటాయి. పుచ్చు పల్ప్ దాకా చేరితే రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వని నొప్పి మొదలవుతుంది. రూట్ కెనాల్‌లో ఆ చెడిన పల్ప్‌ను తీసి, వేర్ల లోపలి గొట్టాలను శుభ్రం చేసి, మూసేస్తారు. నొప్పి పోతుంది, పన్ను దవడలో నిలుస్తుంది. కానీ అప్పటికే పుచ్చు తినేసినదీ, డాక్టరు దారి కోసం తీసినదీ పోగా మిగిలిన గోడలు పలచబడి ఉంటాయి. వెనక పళ్లతో గట్టిగా కొరికితే పడే బలం యాభై, అరవై కిలోల బరువుకు సమానం. ఆ ఒత్తిడికి పలచటి గోడ నిలువునా చీలిపోవచ్చు. చీలిక వేరులోకి దిగితే పన్ను తీసేయడం తప్ప దారి ఉండదు.

రోకలి చివర వేసిన పొన్ను చెక్క చీలకుండా చుట్టూ పట్టి ఉంచినట్టు, క్యాప్ పంటిని చుట్టూ బిగించి కాపాడుతుంది. అయితే ఆ పట్టు దొరకాలంటే చిగురుకు పైన కనీసం ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల మంచి పంటి గోడ మిగిలి ఉండాలి. అది లేనిచోట ఎంత ఖరీదైన క్యాప్ వేసినా కొన్నాళ్లకు ఊడి వస్తుంది, లేదా పంటితో సహా విరుగుతుంది. ఆలస్యం చేసేకొద్దీ క్యాప్ ధర పెరగదు గానీ క్యాప్‌ను మోయగల పన్ను మిగలకుండా పోతుంది.

లోహం, పింగాణీ, జిర్కోనియా

క్యాప్‌లలో మూడు రకాలు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. మొదటిది పూర్తి లోహపు క్యాప్. మైనంతో అచ్చు చేసి, కరిగిన లోహం పోసే పోతపద్ధతిని 1907లో విలియం టాగర్ట్ దంత వైద్యానికి పరిచయం చేశాడు. లోహం పలచగా ఉన్నా విరగదు, కాబట్టి పంటిని తక్కువ అరగదీస్తే సరిపోతుంది. చిగురు అంచు దగ్గర అర మిల్లీమీటరు చాలు. చూడ్డానికి పంటి రంగులో ఉండదన్నది తప్ప వెనక దవడ పళ్లకు ఇది నాసిరకం వైద్యం కానే కాదు. ఒకప్పుడు బంగారు మిశ్రమాలు వాడేవారు. ఇప్పుడు నికెల్-క్రోమియం, కోబాల్ట్-క్రోమియం ఎక్కువ. నికెల్ చర్మానికి పడనివారు ఆ విషయం ముందే చెప్పి కోబాల్ట్ మిశ్రమం అడగాలి.

రెండోది లోహం మీద పింగాణీ కాల్చి అతికించినది. 1960ల మొదటి నుంచి దశాబ్దాల పాటు ప్రపంచమంతా దీనిదే రాజ్యం. లోహానికీ పింగాణీకీ కలిపి చోటు కావాలి కనుక పంటిని ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్లు తగ్గించాల్సి వస్తుంది. ఏళ్లు గడిచాక చిగురు కిందికి జారితే అంచున నల్లటి గీత కనబడవచ్చు. పింగాణీ పెచ్చు ఊడవచ్చు.

మూడోది జిర్కోనియా. ఇందులో పనిచేసే భౌతికశాస్త్రం చెప్పుకోదగ్గది. జిర్కోనియం ఆక్సైడ్ స్ఫటికం వేడికి తన ఆకృతి మార్చుకుంటుంది. సుమారు 1,170 డిగ్రీల సెల్సియస్ పైన చతుష్కోణీయ రూపంలో ఉంటుంది, చల్లారితే ఏకనత రూపంలోకి మారి నాలుగైదు శాతం ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకు ముక్క మొత్తం పగిలిపోతుంది. అందులో మూడు మోల్ శాతం యిట్రియం ఆక్సైడ్ కలిపితే చల్లారాక కూడా చతుష్కోణీయ రూపంలోనే ఆగిపోతుంది. ఇప్పుడు ఎక్కడైనా పగులు మొదలైతే, ఆ పగులు కొనకున్న స్ఫటికాలు ఒత్తిడికి రూపం మారి ఉబ్బుతాయి. ఆ ఉబ్బు పగులును రెండు వైపుల నుంచీ నొక్కి, ముందుకు పాకనివ్వదు. ఇలాంటి గుణాన్ని ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు గార్వీ, హానింక్, పాస్కో 1975లో 'నేచర్' పత్రికలో వివరించారు. ఒకప్పుడు పదార్థాన్ని ముక్కలు చేసిన ఉబ్బునే దానికి కాపలాగా నిలబెట్టారు.

క్యాప్ తయారుచేసేటప్పుడు జిర్కోనియా బిళ్ళ సుద్దలా మెత్తగా ఉంటుంది. కంప్యూటర్ నడిపే యంత్రం అందులోంచి క్యాప్‌ను ఇరవై, ఇరవైఅయిదు శాతం పెద్దగా చెక్కుతుంది. తర్వాత 1,500 డిగ్రీలకు అటూ ఇటూగా కొలిమిలో కాలిస్తే అది కుంచించుకుని సరైన కొలతకు వస్తుంది. 98 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ఒక్క బిళ్ళ నుంచి ఇరవైకి పైగా క్యాప్‌లు వస్తాయి.

డబ్బంతా ఎక్కడికి పోతుంది

ఆ ఇరవై క్యాప్‌ల మాటలోనే ధరల రహస్యం ఉంది. ఒక్కో క్యాప్‌కు పడే ముడిసరుకు ఖర్చు ఏ దేశంలోనైనా రోగి కట్టే బిల్లులో చిన్న భాగమే. జర్మనీలోనో జపాన్‌లోనో తయారైన బిళ్ళ డాలస్ ల్యాబ్‌కూ పోతుంది, నాగపూర్, హైదరాబాదు ల్యాబ్‌లకూ వస్తుంది. తేడా దాని చుట్టూ పనిచేసే చేతుల జీతాల్లో, కుర్చీ వేసిన గది అద్దెలో, డాక్టరు కట్టే బీమాలో, చదువుకు చేసిన అప్పులో ఉంది. అమెరికాలో అప్పు చేసి దంతవైద్యం చదివినవారు పట్టా పుచ్చుకునేసరికి సగటున సుమారు మూడు లక్షల డాలర్ల బాకీతో బయటికొస్తారు. ఆ బాకీ వాయిదా ప్రతి రోగి బిల్లులోనూ కొంత కలుస్తుంది.

కాబట్టి ఇక్కడి తక్కువ ధర తక్కువ నాణ్యతకు గుర్తు కాదు, అక్కడి ఎక్కువ ధర ఎక్కువ నాణ్యతకు హామీ కాదు. నాణ్యత తేలేది క్యాప్ అంచు దగ్గర. పంటికీ క్యాప్‌కూ మధ్య మిగిలే సందు 120 మైక్రాన్లు మించకూడదని 1971లో మెక్లీన్, వాన్ ఫ్రాన్‌హోఫర్ చేసిన అధ్యయనం నుంచి దంతవైద్యులు కొలబద్దగా పెట్టుకున్నారు. అంటే ఒకటిన్నర, రెండు వెంట్రుకల మందం. సందు పెరిగితే సిమెంటు కరుగుతుంది, ఆహారం, క్రిములు చేరతాయి, క్యాప్ కిందే పన్ను మళ్లీ పుచ్చుతుంది. ఆ సందును చిన్నదిగా ఉంచేది డాక్టరు ఓపికగా చేసిన అరగదీత, శుభ్రంగా తీసిన అచ్చు లేదా స్కాన్, ల్యాబ్ పనివాడి చూపు. మనం డబ్బు కట్టేది వీటికి.

ఏ రకం క్యాప్ ఎంత కాలం నిలుస్తుందన్న దానిపై ఇరేనా సైలర్ బృందం 2015లో అనేక అధ్యయనాలను కలిపి సమీక్షించింది. అయిదేళ్ల తర్వాత నిలిచి ఉన్నవి లోహం-పింగాణీ క్యాప్‌లలో 94.7 శాతం, గాజు జాతి పింగాణీ క్యాప్‌లలో 96.6 శాతం, అప్పటి జిర్కోనియా క్యాప్‌లలో 92.1 శాతం. అప్పటి జిర్కోనియా మీద పింగాణీ పూత వేసేవారు, ఆ పూత పెచ్చులూడడం పెద్ద సమస్య. ఇప్పుడు పూత లేకుండా ఒకే ముక్కగా చెక్కుతున్నారు. ఈ అంకెలు చెప్పేదేమిటంటే, శ్రద్ధగా వేస్తే ఈ మూడు రకాలూ మన్నుతాయి. ఖరీదైనది వేయించుకోలేకపోయామని ఎవరూ చిన్నబుచ్చుకోనక్కరలేదు.

విమానం ఎక్కడం ఎప్పుడు లాభం

తమ్ముడి లెక్కకు వద్దాం. అమెరికాలో ఉద్యోగంతో వచ్చే దంత బీమా సాధారణంగా క్యాప్ ఖర్చులో సగం భరిస్తుంది, అదీ ఏడాదికి 1,000 నుంచి 2,000 డాలర్ల పరిమితిలోపే. 3,000 డాలర్ల పనికి బీమా 1,500 ఇస్తే చేతినుంచి పడేది 1,500. హైదరాబాదుకు రానూపోనూ విమానం టికెట్టు కూడా ఇంచుమించు అంతే. ఒక్క పన్ను కోసం విమానం ఎక్కడంలో లాభం లేదు. అదే నాలుగు పళ్లయితే అక్కడ 12,000 డాలర్లు, బీమా 1,500 పోగా 10,500. ఇక్కడ టికెట్టుతో కలిపి 2,300. అప్పుడు ప్రయాణానికి అర్థముంది. పెళ్లికో పండక్కో ఎటూ వస్తున్నవారికి ఒక్క పన్నైనా కలిసొస్తుంది.

బ్రిటన్‌లో పరిస్థితి వేరు. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ వైద్య సేవ కింద మూడో శ్రేణి దంత చికిత్సకు రోగి కట్టాల్సింది 2025 ఏప్రిల్‌లో 326.70 పౌండ్లుగా నిర్ణయించారు. ఒకే విడతలో అవసరమైన క్యాప్‌లన్నీ అందులోకి వస్తాయి. అక్కడ ఇబ్బంది ధరతో కాదు, ప్రభుత్వ పద్ధతిలో చూసే డాక్టరు దొరకడంతో. అమెరికన్లు సరిహద్దు దాటి మెక్సికోలోని లాస్ అల్గోడోనెస్‌కు, పడమటి ఐరోపావారు హంగేరీకి, టర్కీకి పళ్ల పనికి వెళ్తారు. ఇది మనవాళ్లు మాత్రమే చేసే పని కాదు.

అయితే సెలవుకు గడువుంటుంది, పంటి లోపలి చీముకు గడువు తెలియదు. వేరు కొసన చీము ఉంటే శుభ్రం చేసి, మందు పెట్టి, కొన్నాళ్లు ఆగి చూడాల్సి రావచ్చు. క్యాప్ వేశాక కొరుకుడులో ఎత్తు తగలడం, చిగురు వాయడం లాంటివి సరిచేయడానికి మరో రెండు రోజులు కావాలి. కాబట్టి దిగిన మొదటి వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. తిరుగు ప్రయాణానికి మూడు రోజుల ముందు వెళ్తే డాక్టరుకు తొందర, రోగికి తొందర. రెండు వారాల్లో ముగించాలన్న ఆత్రంతో బాగున్న పళ్లను కూడా అరగదీయించుకుని చిరునవ్వు మార్పించుకోవడం అన్నిటికన్నా పెద్ద నష్టం. అరగదీసిన ఆరోగ్యమైన పళ్లలో కొన్నింటికి కొన్నేళ్లలో పల్ప్ చచ్చిపోయి రూట్ కెనాల్ అవసరపడుతుంది. అప్పుడు ఆ బిల్లు డాలర్లలో వస్తుంది.

చంద్రపూర్ నోళ్ల కథ

అన్న ఉండే నేల సంగతి చూద్దాం. చంద్రపూర్ బొగ్గు గనులు, బల్లార్షా (బల్లార్పూర్) కాగితం మిల్లు, గడ్చాందూర్ వైపు సిమెంటు కర్మాగారాలు ఎందరో తెలుగువారికి బతుకునిచ్చాయి. రాజురా తాలూకా 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లాలో భాగమే. బల్లార్షా నుంచి కాజీపేట వైపు వెళ్లే ప్రతి రైలులోనూ తెలుగు వినబడుతుంది. ఈ జిల్లా పళ్లకు ఇద్దరు శత్రువులు ఉన్నారు.

ఒకటి నీటిలోని ఫ్లోరైడ్. జిల్లాలో అనేక గ్రామాల భూగర్భ జలాల్లో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటింది. పిల్లలకు ఎనిమిదేళ్లు వచ్చేదాకా శాశ్వత దంతాల ఎనామిల్ దవడ లోపల తయారవుతూ ఉంటుంది. ఆ వయసులో ఫ్లోరైడ్ మోతాదు మించితే సుద్ద మచ్చలు, గోధుమ చారలు, గుంటలు వస్తాయి. మనకు ఇది కొత్త కథ కాదు. ఫ్లోరైడ్ తెచ్చే ఈ జబ్బును, అంటే ఫ్లోరోసిస్‌ను, భారతదేశంలో మనుషుల్లో మొదట శాస్త్రీయంగా నమోదు చేసింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో. పటిక, సున్నంతో నీటి ఫ్లోరైడ్ తగ్గించే 'నల్గొండ పద్ధతి'ని రూపొందించింది చంద్రపూర్‌కు పొరుగునున్న నాగపూర్‌లోని నీరీ సంస్థ. పెళ్లీడు వచ్చిన పిల్లలు మచ్చల పళ్లు దాచుకోవడానికి ముందు పళ్లన్నిటికీ క్యాప్‌లు అడుగుతారు. తేలికపాటి మచ్చలకు పైపొరను పలచగా రుద్ది తెల్లబరచడం, పంటి రంగు సిమెంటుతో కప్పడం లాంటి చవకైన, పంటిని కాపాడే మార్గాలున్నాయి. క్యాప్ చివరి మెట్టు కావాలి.

రెండోది ఖర్రా. వక్కముక్కలు, పొగాకు, సున్నం కలిపి నూరిన ఈ మిశ్రమం విదర్భలో పిల్లల జేబుల్లోకి కూడా చేరింది. గట్టి వక్క ఎనామిల్‌ను అరగదీస్తుంది, చీలుస్తుంది. అంతకంటే ప్రమాదం, నోటి లోపలి పొర నారలా బిగిసిపోయే జబ్బు. కొన్నేళ్లకు మూడు వేళ్లు నిలువుగా పట్టాల్సిన నోట్లో ఒకటి కూడా పట్టదు. ఆ నోట్లోకి డాక్టరు పరికరమే దూరదు, ఇక వెనక పంటికి క్యాప్ మాటెక్కడ? ఈ జబ్బు క్యాన్సర్‌కు దారితీయగలదు. పక్క జిల్లా గడ్చిరోలిలో డాక్టర్ అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతుల చొరవతో 2016 నుంచి నడుస్తున్న 'ముక్తిపథ్' కార్యక్రమం ఈ అలవాటు మీద కూడా పోరాడుతోంది.

ఇలాంటి చోట అన్నకు ఏ దారి ఉంది? నాగపూర్ ప్రభుత్వ దంత కళాశాల, వార్ధా దగ్గర సావంగీలోని దంత కళాశాల, రైలెక్కితే హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత కళాశాల ఉన్నాయి. కళాశాలల్లో అధ్యాపకుల పర్యవేక్షణలో పీజీ విద్యార్థులు చేసే పనికి ప్రైవేటు ధరలో కొంత భాగమే తీసుకుంటారు, తొందర లేకుండా చేస్తారు. కానీ నాలుగైదుసార్లు వెళ్లాలి. వెళ్లిన ప్రతిసారీ 500 కూలి పోతుంది, చార్జీలు అదనం. 34 రోజుల లెక్కను తగ్గించే సూటి మార్గం మరొకటుంది: వెనక పంటికి జిర్కోనియా బదులు లోహపు క్యాప్. సుమారు 2,500కు దొరికితే మొత్తం పని 15 రోజుల కూలిలో అయిపోతుంది. పన్ను మాత్రం అంతే భద్రం.

ఎక్కడ చేయించుకున్నా డాక్టరును నాలుగు మాటలు అడగండి. ఈ పంటికి క్యాప్ తప్పనిసరా, నింపితే సరిపోదా? చిగురు పైన ఎంత మంచి పన్ను మిగిలింది? ఏ పదార్థం, ఏ కంపెనీది, ల్యాబ్ ఇచ్చే కార్డు ఉందా? ముందూ తర్వాతా తీసిన ఎక్స్‌రేలు నా చేతికి ఇస్తారా? కార్డు మీద పదేళ్ల వారంటీ అని ఉంటే అది క్యాప్ విరిగితేనే. కింద పన్ను పుచ్చితే ఏ కంపెనీ బాధ్యత తీసుకోదు. ఆ బాధ్యత రోజూ రెండుపూటలా అంచు దాకా తోముకునే మనదే.

ధర సంగతి మాత్రం మనిషి ఒక్కడి చేతిలో లేదు. మామూలు ఆరోగ్య బీమా పాలసీలు రూట్ కెనాల్, క్యాప్ ఖర్చును సాధారణంగా భరించవు. జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం 2014లో మొదలైంది, జిల్లా ఆసుపత్రుల దంత విభాగాలను బలపరచడం దాని లక్ష్యాల్లో ఒకటి. ఒక మైనపు అచ్చు, పోత కొలిమి, శిక్షణ పొందిన ఇద్దరు ల్యాబ్ పనివాళ్లు ఉంటే జిల్లా ఆసుపత్రిలోనే లోహపు క్యాప్ తయారవుతుంది. 1907 నాటి విద్య అది, కొత్త పరిశోధన అక్కరలేదు. డాలర్లు తెచ్చే రోగుల కోసం మన నగరాల్లో అద్దాల క్లినిక్‌లు వెలిశాయి, అది మన డాక్టర్ల ప్రతిభకు దక్కిన గౌరవమే. అదే ప్రతిభ గని కార్మికుడికి వారం కూలిలో అందేదాకా మన దగ్గర పళ్ల వైద్యం చవక అని చెప్పుకునే హక్కు మనకు లేదు.